ముల్లు చెప్పే మాట

వేగం కంటికి కనిపించేది కాదు. పరుగెత్తే వస్తువు కనిపిస్తుంది గాని, అది గంటకు ఎన్ని కిలోమీటర్ల చొప్పున పరుగెత్తుతున్నదో కన్ను చెప్పలేదు. స్టేషనులో ప్రక్క పట్టాలమీది రైలు కదిలితే తాను కూర్చున్న రైలే కదిలినదని భ్రమపడని ప్రయాణికుడు అరుదు. ఓడ ఒకే వేగంతో నిలకడగా సాగుతున్నప్పుడు, లోపలి గదిలో తలుపులు మూసుకొని కూర్చున్నవానికి అది నడుస్తున్నదో నిలిచి ఉన్నదో తెలుసుకొనే ఉపాయం లేదని గెలీలియో 1632లో ప్రకటించిన గ్రంథంలో వివరించినాడు. ఆనాటి ఓడకు చెప్పిన న్యాయమే ఈనాటి మోటారు బండికీ చెల్లుతుంది. అద్దాలు బిగించుకొని, నున్నని రహదారిమీద గంటసేపు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చిన డ్రైవరు ఊరి దారిలోకి మళ్ళి 50కి తగ్గించేసరికి, బండి ప్రాకుతున్నట్లే అతనికి తోస్తుంది. ఆ యాభైలో ఒక పసివాని ప్రాణం తీయగల శక్తి ఉన్నదని అతని కాలికి గాని, చెవికి గాని తెలియదు. తెలియజెప్పవలసినది ఎదుటి పలకమీది ముల్లు ఒక్కటే.

ఆ ముల్లే అబద్ధమాడితే ఏమి గతి?

వనపర్తి జిల్లాలోని శ్రీరంగాపూర్‌కు పోయే దారి ఈ ప్రశ్నను ఆలోచించుటకు తగిన చోటు. వనపర్తి సంస్థానాధీశులు పదునెనిమిదవ శతాబ్దంలో కట్టించిన శ్రీరంగనాయకస్వామి ఆలయంతో, దానిని ఆనుకొని ఉన్న రంగసముద్రం జలరాశితో ప్రసిద్ధి కెక్కిన ఈ గ్రామం పూర్వం పెబ్బేరు మండలంలో ఉండేది. 2016లో వనపర్తి జిల్లా ఏర్పడినప్పుడు తానే ఒక మండల కేంద్రమైనది. హైదరాబాదు నుంచి కర్నూలుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి పెబ్బేరు మీదుగా సాగి బీచుపల్లి వద్ద కృష్ణను దాటుతుంది. దూరప్రాంతాల నుంచి స్వామి దర్శనానికి వచ్చేవారు ఆ విశాలమైన రహదారిని విడిచి, పల్లెల మధ్యగా పోయే సన్నని దారిలో ప్రవేశింపవలెను. మొదటి దారిలో లారీలు, బస్సులు. రెండవ దారిలో ఎడ్లబండ్లు, గొర్రెల మందలు, బడి విడిచి వచ్చే పిల్లలు. రెండు దారులకూ రెండు వేగాలు. ఒకదానినుంచి మరొకదానికి మళ్ళే మలుపులోనే ముల్లు మాటతో డ్రైవరుకు ఎక్కువ అవసరం.

స్వామివారి రథోత్సవానికి వచ్చే వాహనాల వరుసలో విదేశంలో తయారైన పాత వ్యాను ఒకటి ఉన్నదని ఊహించుకోవచ్చును. అది ఫోక్స్‌వాగన్ వ్యాను అనుకుంటే పాఠానికి మరింత అనుకూలం. జర్మనీలో 1950లో తయారీ మొదలైన ఈ జాతి వ్యాను, తరువాతి రెండు మూడు దశాబ్దాలలో ఐరోపానుంచి భూమార్గాన మన దేశానికి వచ్చిన యువ యాత్రికులకు ఇల్లూ వాకిలీ అయినది. అట్టి బండిలో ముల్లు 40 దగ్గర వణకుతున్నది. ఉన్నట్లుండి 60కి ఎగురుతున్నది. మరుక్షణమే 20కి పడిపోతున్నది. పలకమీద వ్రేలితో తట్టితే కొంతసేపు ఊరకుండి మళ్ళీ మొదలు పెడుతున్నది.

"ముల్లు లేకుంటే బండి నడువదా మేస్త్రీ?" అని నవ్వే డ్రైవర్లు ప్రతి ఊరిలోనూ కలరు. వారి మాట ఒక విధంగా నిజమే. స్పీడోమీటరు చెడినంతమాత్రాన ఇంజను ఆగదు, బ్రేకు పోదు. బండిని ఆపివేసే లోపాన్ని ఆ పూటే బాగుచేయిస్తారు. బండిని ఆపని లోపాన్ని ఏండ్ల తరబడి వాయిదా వేస్తారు. అయితే కేంద్ర ప్రభుత్వం 1989లో చేసిన మోటారు వాహనాల నియమావళిలో 117వ నియమం ప్రత్యేకంగా స్పీడోమీటరును గురించినదే. డ్రైవరుకు వేగం తెలియడం అతని స్వంత సౌకర్యం కాదు, దారిన పోయే ఇతరుల హక్కు అని ఆ నియమం ఉద్దేశం.

పలక వెనుక ఏమున్నది?

చెడిన ముల్లును బాగుచేయవలెనంటే, బాగున్న ముల్లు ఎట్లు నడుస్తుందో ముందు తెలియవలెను. పాత బండ్లలో చక్రం నుంచి గాని, గేరుబాక్సు నుంచి గాని ఒక సన్నని ఉక్కు తీగ బయలుదేరుతుంది. అనేక పోగులను మెలివేసి చేసిన ఆ తీగ ఒక గొట్టంలో తిరుగుతూ పలక వెనుకకు చేరుతుంది. మెకానిక్కులు దీనిని మీటరు కేబులు అంటారు. దాని పైకొనకు మీటరు లోపల ఒక చిన్న అయస్కాంతం అమర్చి ఉంటుంది. బండి నడిస్తే తీగ తిరుగుతుంది. తీగ తిరిగితే అయస్కాంతం తిరుగుతుంది. ఆ అయస్కాంతానికి చుట్టూ, తగలకుండా, పలుచని అల్యూమినియం గిన్నె ఒకటి ఉంటుంది. ముల్లు అతికి ఉన్నది ఆ గిన్నెకు. గిన్నె ఇష్టం వచ్చినట్లు తిరిగిపోకుండా గడియారంలో ఉండేటటువంటి వెండ్రుకవంటి చుట్టల స్ప్రింగు ఒకటి దానిని వెనుకకు లాగుతుంటుంది.

అల్యూమినియం అయస్కాంతానికి అంటుకొనే లోహం కాదు. మరి తాకని అయస్కాంతం ఆ గిన్నెను ఎట్లు త్రిప్పుతుంది? ఈ చిక్కు ప్రశ్న ఐరోపా శాస్త్రజ్ఞులను కొన్నేండ్లు వేధించినదే. రాగి పళ్ళాన్ని త్రిప్పితే దానిపైన వ్రేలాడదీసిన అయస్కాంతపు సూది కూడా తిరుగ మొదలిడుతుందని ఫ్రాన్సు దేశీయుడు అరాగో 1824లో గమనించినాడు. కారణం ఆయనకు అంతుపట్టలేదు. అయస్కాంత క్షేత్రం మారుతున్నచోట లోహంలో విద్యుత్ప్రవాహం పుడుతుందని ఇంగ్లండులో మైకేల్ ఫారడే 1831లో కనుగొన్న తరువాత ఆ ముడి విడిపోయినది. లోహంలో సుడులు తిరిగే ఆ విద్యుత్తు తానే ఒక అయస్కాంతంగా మారి, తనను పుట్టించిన అయస్కాంతం వెంట లోహాన్ని ఈడ్చుకొని పోతుంది. ఫూకో 1855లో ఈ సుడి ప్రవాహాలపై ప్రయోగాలు చేసినాడు. స్ట్రాస్‌బర్గ్ నగరవాసి ఆటో షుల్జ్ ఈ తత్త్వాన్ని పట్టుకొని వేగమాపక యంత్రాన్ని నిర్మించి 1902లో పేటెంటు పొందినాడు. అటుపిమ్మట డెబ్బది, ఎనుబది ఏండ్లపాటు ప్రపంచంలోని బండ్లలో అధికభాగం ఆ పద్ధతినే అనుసరించినవి.

ఈ సూత్రాన్ని తరగతి గదిలో ఒక్క నిమిషంలో చూపవచ్చును. నిలువుగా పట్టిన రాగి గొట్టంలోనో, మందమైన అల్యూమినియం గొట్టంలోనో బలమైన చిన్న అయస్కాంతాన్ని జారవిడిస్తే అది ఇనుపగుండు వలె దభీమని పడదు. ఎవరో లోపల చేయి అడ్డుపెట్టినట్లు మెల్లమెల్లగా దిగుతుంది. గొట్టంలో అయస్కాంతాన్ని ఆపుతున్న శక్తి ఏదో, మీటరులో ముల్లును నెట్టుతున్న శక్తి అదే.

ఇక్కడ విద్యార్థులు గమనింపవలసిన విషయం ఒకటి ఉన్నది. వేగం అంటే దూరాన్ని కాలంతో భాగించగా వచ్చేదని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఈ మీటరు ఆ భాగహారం చేయడం లేదు. దీనిలో గడియారమూ లేదు, కొలబద్దా లేదు. అయస్కాంతం ముందుకు ఈడ్చే బలానికీ, స్ప్రింగు వెనుకకు లాగే బలానికీ తూకం కుదిరినచోట ముల్లు నిలుస్తుంది. ఆ చోట 40 అనే అంకెను ముద్రించినవాడు ఎక్కడో కర్మాగారంలో ఉన్నాడు. "ఈ తీగ కిలోమీటరుకు ఇన్ని చుట్లు తిరిగితే, ఈ అయస్కాంతానికి ఇంత బలం ఉంటే, ఈ స్ప్రింగుకు ఇంత పట్టు ఉంటే, అప్పుడు వేగం 40" అని అతడు పెట్టిన షరతుల మీద ఆ అంకె ఆధారపడి ఉన్నది. వాటిలో ఏ ఒక్కటి తప్పినా అంకె మాత్రం మారదు. 40 అనే ఆ అచ్చు మొదటి రోజున ఎంత నిండుగా కనిపించినదో అంతే నిండుగా కనిపిస్తుంది.

చప్పుడు చేసే దోషం

వణకే ముల్లు దోషాలలోకెల్లా మంచిది, ఎందుకంటే అది తన రోగాన్ని తానే చాటుకొంటున్నది. గొట్టంలోని తీగకు గ్రీజు ఎండిపోయినా, గొట్టం ఎక్కడైనా అతిగా వంగినా, తీగ ఒకే తీరున తిరుగదు. ఒకచోట పట్టుకొని మెలిపడుతుంది. మెలి బిగిసి బిగిసి ఒక్కసారిగా విడిపోతుంది. పట్టుకొన్నప్పుడు ముల్లు పడుతుంది, విడిపోయినప్పుడు ఎగురుతుంది. చెవి పెట్టి వింటే పలక వెనుక టికటికమనే చప్పుడు కూడా వినవచ్చును.

ఇట్టి దోషం వెదకునప్పుడు మంచి మేస్త్రీ మొదట చేసే పని స్క్రూలు విప్పడం కాదు, ముల్లు క్రింద ఉన్న కిలోమీటర్ల అంకెలను చూడడం. ముల్లుకూ, అంకెలకూ త్రిప్పుడు వచ్చేది ఒకే తీగనుంచి. తీగ తిరుగుడును పండ్లచక్రాలు అంకెలకు అందిస్తాయి. అయస్కాంతం ముల్లుకు అందిస్తుంది. కనుక అంకెలు సరిగా దొర్లుతూ ముల్లు మాత్రం చచ్చి ఉంటే తీగ మంచిదే, రోగం మీటరు లోపల గిన్నెకో స్ప్రింగుకో ఉన్నది. రెండూ నిలిచిపోతే తీగ తెగి ఉండవలెను, లేదా తీగకు మొదట త్రిప్పుడు అందించే చోటు చెడి ఉండవలెను. ఒక్క పరికరమూ ముట్టుకోకుండా దోషం ఏ సగంలో ఉన్నదో దీనితో తేలిపోతుంది. వైద్యుడు నాడి చూచినట్లే ఇది కూడా.

తీగ ఎక్కడ బయలుదేరుతుంది అన్న ప్రశ్న విదేశీ బండి విషయంలో మరీ ముఖ్యం. జీపులతో, లారీలతో పరిచయమున్న మేస్త్రీ అలవాటుగా గేరుబాక్సు దగ్గరకు పోతాడు. పాత ఫోక్స్‌వాగన్ వ్యానులో గేరుబాక్సు దగ్గర ఎంత వెదకినా మీటరు కేబులు కనబడదు. ఆ బండిలో ఇంజనూ గేరుబాక్సూ రెండూ వెనుకభాగంలో ఉంటాయి. మీటరు కేబులు ముందు చక్రం నుంచే పుడుతుంది. చక్రపు ఇరుసు కడ్డీకి నడుమ ఉన్న బోలు గుండా వచ్చి, గ్రీజు మూతకు గల చదరపు రంధ్రంలో దూరి, బయటివైపు ఒక చిన్న పిన్నుతో బంధింపబడి ఉంటుంది. చక్రం బేరింగుకు గ్రీజు పెట్టినవాడు ఆ పిన్నును తిరిగి పెట్టడం మరచినచో తీగ లోపలికి జారిపోతుంది. ముల్లు సున్న దగ్గర నిద్రపోతుంది. మీటరును మార్చినా, కేబులును మార్చినా ప్రయోజనం లేదు. పోయినది వ్రేలి గోరంత పిన్ను. తెలిసిన బండి జ్ఞాపకంతో తెలియని బండిని చూడరాదన్నది విదేశీ వాహనాల మరమ్మతులో మొదటి పాఠం.

తీగ ఎండిపోయినదే దోషమైతే చికిత్స సులభం. పైకొన విప్పి, తీగను గొట్టంలోనుంచి బయటకు లాగి, కిరోసినుతో కడిగి ఆరబెట్టవలెను. ఒక్క పోగు తెగినా ఆ తీగ మళ్ళీ పనికిరాదు. మంచిదైతే పలుచగా గ్రీజు పూయవలెను. పైకొన దగ్గర జానెడు మేర మాత్రం పూయరాదు. పైన పూసిన గ్రీజు మెల్లగా మీటరులోకి ప్రాకి గిన్నెకూ అయస్కాంతానికీ నడుమ చేరితే, అంతవరకు తాకకుండా నడిచిన యంత్రం అంటుకొని నడుస్తుంది. అప్పుడు ముల్లు పైకి పోయి దిగనే దిగదు. గొట్టాన్ని తిరిగి బిగించేటప్పుడు ఎక్కడా గట్టి మలుపు లేకుండా విశాలమైన వంపుతో పోనీయవలెను.

చప్పుడు చేయని దోషం

వణకు పోయినది. ముల్లు స్థిరంగా 40 చూపుతున్నది. డ్రైవరుకు సంతోషం, మేస్త్రీకి కూలి. సామాన్యంగా కథ ఇక్కడ ముగుస్తుంది. నిజానికి ముగియరాదు, స్థిరంగా నిలిచినంత మాత్రాన ముల్లు సత్యం చెబుతున్నదని అనుకోవడానికి వీలులేదు.

కాలం గడిచి అయస్కాంతం బలం తగ్గితే ముల్లు తక్కువ చూపుతుంది. స్ప్రింగు పట్టు సడలితే ఎక్కువ చూపుతుంది. ఈ రెండింటికీ చప్పుడు లేదు, వణకు లేదు. అంతకంటె తరచుగా జరిగేది మరొకటి ఉన్నది. విదేశీ బండికి అసలు మీటరు దొరకదు. పాత సామాన్ల అంగడిలో దొరికిన వేరొక బండి మీటరును తెచ్చి బిగిస్తారు. చదరపు కొన చదరపు రంధ్రంలో సరిపోతుంది, ముల్లు కదులుతుంది, అందరూ సంతోషిస్తారు. కాని ప్రతి మీటరుకూ కిలోమీటరుకు ఇన్ని చుట్లు అనే లెక్క ఒకటి ఉన్నది. అమెరికా బండ్లలో చాలాకాలం మైలుకు 1000 చుట్లు అనే ఏర్పాటు ఉండేది. అంటే నిమిషానికి 1000 చుట్లు తిరిగితే గంటకు 60 మైళ్ళు. కిలోమీటర్లలో ఇది ఇంచుమించు 620 చుట్లు. ముందు చక్రం నుంచి నేరుగా తీగ వచ్చే బండిలో చక్రం ఎన్ని చుట్లో తీగ కూడా అన్నే చుట్లు. చక్రం చుట్టుకొలత 2 మీటర్లనుకుంటే కిలోమీటరుకు 500 చుట్లు మాత్రమే. ఈ బండికి ఆ మీటరు బిగిస్తే ఏమగును? బండి 50 పోతుంటే ముల్లు 40 చూపుతుంది. బండి 100 పోతుంటే 80 చూపుతుంది. డ్రైవరు జాగ్రత్తపరుడే, ముల్లును చూచే నడుపుతున్నాడు. అతని జాగ్రత్తే అతనిని మోసగిస్తున్నది. కొన్ని మీటర్ల ముఖంమీద చుట్ల సంఖ్యను చిన్న అంకెలతో ముద్రించి ఉంటారు. బిగించుటకు ముందు ఆ అంకెను చదివి, చక్రం చుట్టుకొలతను టేపుతో కొలిచి, రెండింటినీ పోల్చి చూచుట అయిదు నిమిషాల పని.

టైరు మారినా ఇదే చిక్కు. చక్రం తిరిగిన చుట్లనుబట్టి దూరం గణించుట చాల పురాతనమైన ఉపాయం. చక్రం నిర్ణీత దూరం దొర్లగానే ఒక్కొక్క గులకరాయి పెట్టెలో పడేటట్లు చేసే బండిని రోము దేశపు వాస్తుశిల్పి విట్రూవియస్ క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలోనే వర్ణించినాడు. శ్రీరంగాపూర్ రథచక్రానికి సుద్దతో గుర్తు పెట్టి చుట్లు లెక్కిస్తే రథం ఎన్ని గజాలు నడిచినదో ఏ బాలుడైనా చెప్పగలడు. కాని దానికి చక్రం కొలత మారకూడదు. పాత టైరు దొరకక నూటికి 5 వంతులు పెద్ద టైరు వేస్తే చుట్లు తగ్గుతాయి. ముల్లు 50 చూపునప్పుడు నిజవేగం 52న్నర అవుతుంది. అరిగిన టైరు దీనికి విరుద్ధంగా ముల్లును ఎక్కువ పలికిస్తుంది.

మైలా, కిలోమీటరా?

ఏ భాగమూ చెడకుండానే ముల్లు అబద్ధమాడే సందర్భం ఇంకొకటి ఉన్నది. దానికి ఈ ప్రాంతపు చరిత్రే సాక్ష్యం. వనపర్తి సంస్థానం నిజాం రాజ్యంలో అంతర్భాగంగా ఉన్న రోజులలో, 1932 జూన్‌లో, నిజాం ప్రభుత్వ రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభమైనది. ఆనాటి బస్సులు స్కాట్లండులోని గ్లాస్గోలో తయారైన ఆల్బియన్ బండ్లు. బ్రిటనులో దూరాల కొలత మైలు. ఇక్కడి రోడ్లమీది రాళ్ళు కూడా ఆ కాలంలో మైలురాళ్ళే. బండి భాషా, రోడ్డు భాషా ఒక్కటే కనుక చిక్కు లేదు.

స్వాతంత్ర్యానంతరం పార్లమెంటు 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం చేసినది. 1957 ఏప్రిల్ 1వ తేదీన నయా పైసలు వచ్చినవి. వెంటనే కిలోగ్రాములు, లీటర్లు, మీటర్లు వచ్చినవి. ఆమడలు, క్రోసులు అంతకుముందే మాటలలో మిగిలినవి. మైళ్ళు కూడా వాటి దారి పట్టినవి. రోడ్డు ప్రక్క రాళ్ళు మారినవి గాని, అప్పటికే దిగుమతియైన బండ్ల ముఖాలు మారలేదు. బ్రిటను, అమెరికా దేశాలలో ఈనాటికీ మైళ్ళే వాడుక. అమెరికాకు ఉద్యోగానికి పోయిన తెలుగు యువకుడు తొలిరోజులలో బోర్డుమీది 40ని చూచి ఇంత మెల్లగానా అని ఆశ్చర్యపడేది ఇందువల్లనే. అతని పొరపాటు వలన ప్రమాదం లేదు. దానికి ఎదురు పొరపాటే ప్రమాదకరం. మైళ్ళ ముఖం గల బండిని కిలోమీటర్ల దేశంలో నడిపేవాడు ముల్లు 40 దగ్గర ఉండగా 40 కిలోమీటర్లే పోతున్నాననుకుంటాడు. మైలు 1.609 కిలోమీటర్లు. అతడు పోయేది 64.

64కీ 40కీ భేదం 24 మాత్రమే గదా అనిపించవచ్చును. లెక్క వేరే విధంగా చెబుతుంది. చలనశక్తి వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. వేగం 1.6 రెట్లయితే శక్తి రెండున్నర రెట్లు దాటుతుంది. దారికి అడ్డంగా బాలుడు పరుగెత్తినాడనుకుందాం. డ్రైవరు చూచి బ్రేకు తొక్కేలోగా ఒక సెకను గడుస్తుంది. తరువాత పొడి రోడ్డుమీద సెకను సెకనుకూ 6 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుందని గణిస్తే, 40 వేగంతో వచ్చే బండి మొత్తం 21 మీటర్లలో ఆగుతుంది. 64 వేగంతో వచ్చే బండికి 44 మీటర్లు పైగా కావలెను. బాలుడు 30 మీటర్ల దూరంలో ఉంటే మొదటి బండి అతనికి బస్సు పొడవంత దూరంలో నిలుస్తుంది. రెండవది నిలువదు. ఇద్దరు డ్రైవర్లకూ ముల్లు 40నే చూపినది.

కొలత ప్రమాణాల పొరపాటు విద్యావిహీనుల దోషమని ఎవరూ చిన్నచూపు చూడనవసరం లేదు. అమెరికా అంతరిక్ష సంస్థ అంగారకునివైపు పంపిన వాతావరణ పరిశోధక నౌక 1999లో నశించినది. ఒక పక్షంవారు పౌండ్ల లెక్కలో ఇచ్చిన సంఖ్యలను మరొక పక్షంవారు మెట్రిక్ లెక్కగా తీసుకొనడమే దానికి కారణం. అంకె ప్రక్కన ప్రమాణం వ్రాయని విద్యార్థికి ఉపాధ్యాయుడు మార్కు తగ్గించడం కాఠిన్యం కాదని దీనివలన తెలుస్తున్నది. మైళ్ళ ముఖం గల బండిని కొన్నవాడు చేయవలసిన కనీసపు పని, పలకమీద 25 మైళ్ళ గీత ప్రక్కన 40 కిలోమీటర్లనీ, 37 గీత ప్రక్కన 60 అనీ చెరగని రంగుతో వ్రాయించుకొనుట.

రాయీ గడియారమూ

ఇన్ని విధాల మోసపోగల ముల్లును నమ్మడమెట్లు? దానిని అడిగి లాభం లేదు. దానితో సంబంధం లేని సాక్షిని అడుగవలెను. ఆ సాక్షి ప్రతి రోడ్డు ప్రక్కనా నిలిచి ఉన్నది. కిలోమీటరు రాయి కదలదు, అరగదు, గ్రీజు అడుగదు.

పెబ్బేరు దగ్గరి రహదారి వంటి తిన్నని దారిలో, వాహనాల సందడి లేని వేళ, ముల్లును ఒకే అంకె దగ్గర నిలకడగా ఉంచి నడుపవలెను. ప్రక్కన కూర్చున్నవాడే గడియారం చూడవలెను. డ్రైవరు చూపు దారిమీదనే ఉండవలెను. ఒక రాయి దాటినప్పటినుంచి మరుసటి రాయి దాటేవరకు పట్టిన సెకనులతో 3600ను భాగిస్తే నిజవేగం వస్తుంది. 120 సెకనులు పడితే 30. 90 పడితే 40. 72 పడితే 50. 60 పడితే 60. ముల్లు 40 చూపుతుండగా 72 సెకనులే పట్టినచో ఆ ముల్లు 10 కిలోమీటర్లు దాచిపెడుతున్నదన్నమాట.

తరువాత పది రాళ్ళ దూరం నడిపి, దూరం చూపే అంకెలు ఎంత దొర్లినవో చూడవలెను. పదికి బదులు ఎనిమిదే దొర్లితే చుట్ల లెక్క కుదరలేదు. మీటరో టైరో ఆ బండిది కాదు. అంకెలు సరిగా పది దొర్లి ముల్లు మాత్రం తప్పుతుంటే అయస్కాంతమో స్ప్రింగో వృద్ధాప్యంలో పడినది. వణకే ముల్లుకు దారి చూపిన అంకెలే వణకని ముల్లుకూ దారి చూపుతున్నవి.

చేతిలోని ఫోను ఇప్పుడు ఉపగ్రహాల సహాయంతో వేగం చెప్పగలదు. అది కూడా చక్రంతో సంబంధం లేని సాక్షియే కనుక స్వీకరింపదగినది. అయితే వేగం మారుతున్నప్పుడు అది కొంచెం వెనుకబడుతుంది. నిలకడగా పోతున్నప్పుడే దాని మాట వినవలెను. ముల్లు అచ్చంగా నిజమే చెప్పవలెనని శాసనాలు కూడా కోరవు. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘంవారి 39వ నిబంధన ప్రకారం ముల్లు నిజవేగం కంటె తక్కువ ఎన్నడూ చూపరాదు. ఎక్కువ మాత్రం, నిజవేగంలో పదవవంతుపైన మరి 4 కిలోమీటర్ల వరకు చూపవచ్చును. నిజవేగం 60 అయితే 70 వరకు క్షమ్యం. 59 క్షమ్యం కాదు. తప్పడం తప్పదన్నప్పుడు ఏ వైపు తప్పితే ప్రాణాలు నిలుస్తాయో ఆ వైపే తప్పవలెనన్నది ఆ నిబంధనలోని వివేకం.

నేటి వ్యానులలో తీగ లేదు, అల్యూమినియం గిన్నె లేదు. చక్రం దగ్గరనో గేరుబాక్సు దగ్గరనో పండ్ల ఉంగరం ఒకటి తిరుగుతుంటే సెన్సారు ఒక్కొక్క పంటికీ ఒక్కొక్క విద్యుత్ సంకేతం పంపుతుంది. కంప్యూటరు వాటిని లెక్కించి చిన్న మోటారుతో ముల్లును త్రిప్పుతుంది. గ్రీజు ఎండే బాధ పోయి, ప్లగ్గులో తుప్పు చేరే బాధ, ఎలుకలు వైర్లు కొరికే బాధ వచ్చినవి. చాల బండ్లలో బ్రేకులను, గేర్లను నడిపే కంప్యూటరు కూడా ఇటువంటి సంకేతాలనే వినుచుండును గనుక, ముల్లు పోయిననాడే ఆ దీపాలు కూడా వెలిగితే అవి వేర్వేరు రోగాలని భ్రమపడరాదు. కిలోమీటరుకు ఇన్ని సంకేతాలు అనే లెక్క, మైలా కిలోమీటరా అనే ప్రశ్న మాత్రం అట్లే ఉన్నవి. తీగ దాచిన అబద్ధాన్ని కంప్యూటరు కూడా దాచగలదు.

మరమ్మతు ముగించినవాడు మరువరాని ధర్మం ఇంకొకటి ఉన్నది. మీటరు మార్చితే బండి ఇంతవరకు నడిచిన దూరపు అంకె కూడా మారిపోతుంది. మార్చిన తేదీనీ, పాత మీటరులోని అంకెనూ, కొత్త మీటరులోని అంకెనూ బండి కాగితాలతో పాటు వ్రాసి ఉంచవలెను. వ్రాయకుండా ఊరకుంటే, రేపు ఆ బండిని కొనేవానికి లక్ష కిలోమీటర్లు నడిచిన బండి పదివేలు నడిచినదిగా కనబడుతుంది. ముల్లు అబద్ధం యంత్రదోషం. ఈ అబద్ధం మనుష్యదోషం.

వనపర్తి రాజప్రాసాదంలో 1959లో పాలిటెక్నిక్ వెలసినది. రాజులు నివసించిన చోట పల్లె పిల్లలు కొలబద్దా, లేతూ పట్టుకొని పని నేర్చినారు. అట్టి విద్యకు పెద్ద యంత్రశాలలు లేని చిన్న బడిలో కూడా నాంది పలుకవచ్చును. ఒక సైకిలు, ఒక సుద్దముక్క, ఒక టేపు, ఒక గడియారం ఉంటే చాలును. చక్రానికి గుర్తు పెట్టి పది చుట్లు దొర్లించి కొలవవలెను. బడి గుమ్మం నుంచి ఊరి మొదటి రాయి వరకు చుట్లు లెక్కపెట్టవలెను. రాయిమీది అంకెతో తమ లెక్కను పోల్చవలెను. రెండూ కుదరకపోతే రాయిని నిందింపక, తమ కొలతలో తప్పెక్కడ ఉన్నదో వెదకవలెను. ఆ వెదకుట అలవాటైన పిల్లవాడు పెద్దవాడై డ్రైవరు సీటులో కూర్చున్నా, మేస్త్రీగా పలక విప్పినా, వ్యానులో బడిపిల్లలను పంపే ఉపాధ్యాయుడైనా, స్థిరంగా నిలిచిన ముల్లును చూచి ఊరకుండడు. దీనిని రాతితో సరిచూచి ఎన్నాళ్ళయినదని అడుగుతాడు.